స్లాబు మీద ఆరుతడి

నాకు కోపం ఎక్కువని మా ఊళ్ళో పేరుంది. ఉన్నమాటే, నేనేం కాదనను. కానీ కన్యక మా ఇంటికి కోడలిగా వచ్చాక ఆ పేరులో సగం దానికి వెళ్ళిపోయింది. ఒకే ఇంట్లో ఇద్దరు కోపిష్ఠి ఆడవాళ్ళుంటే మగవాళ్ళు దారిలో ఉంటారని మా చెల్లెలు అంటూ ఉంటుంది. మా ఆయన బంగార్రాజు గారి దగ్గర ఆ మాట చెల్లలేదు. మనిషి మంచివారే. పెట్టే చెయ్యి. కానీ తనకి తెలియని సంగతి ఒకటి ఉందంటే మాత్రం చచ్చినా ఒప్పుకోరు.

అందులోనూ నీళ్ళ సంగతి. మాది ముమ్మిడివరం దాటాక కాలువకి చిట్టచివరనున్న ఊరు. పైనున్న రైతులందరూ పెట్టుకోగా మిగిలిన నీళ్ళే మా దాకా వస్తాయి. ఆ మిగిలిన నీళ్ళతోనే శివారు పొలాలు పండించి చూపించిన మనిషి మా ఆయన. చాలా ఏళ్ళు నీటి సంఘానికి ప్రెసిడెంటు. ఏ బోదెలో ఎంత పారితే ఏ చేను తడుస్తుందో కళ్ళు మూసుకుని చెబుతారు. వంతు కాకుండా నీళ్ళు పెట్టుకున్నాడని ఊరి మోతుబరి గున్నేశ్వరరావు గారి తూముకే తాళం వేశారు. అప్పట్నుంచీ వాళ్ళిద్దరికీ మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఎదురెదురు బంతుల్లో కూర్చుని, ఒకరి విస్తట్లో ఏం పడిందో ఒకరు చూసుకోవడం తప్ప.

ఇక కన్యక. వాళ్ళ నాన్న రావులపాలెంలో మేస్త్రీ. అది కాకినాడలో సివిల్ డిప్లొమా చేసి, తండ్రితో పాటే పనుల్లోకి వెళ్ళేది. మా అబ్బాయి సురేష్‌బాబు పోలవరంలో మట్టి తవ్వే మిషను నడుపుతాడు, వీలున్నప్పుడు ఇంటికొస్తాడు. "ఆయన వచ్చేదాకా టీవీ చూస్తూ కూర్చోలేనండి అత్తయ్యా, నేనూ పనులు ఒప్పుకుంటాను" అంది కాపురానికొచ్చిన కొత్తలోనే. నేను ఒక పూటంతా అరిచాను. అది రెండు పూటలు అరిచింది. చివరికి ఒప్పుకున్నాను.

ప్రహరీలు కట్టింది. మెట్లు కట్టింది. సెప్టిక్ ట్యాంకులు కట్టింది. కానీ స్లాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆడమనిషి పోసిన స్లాబు కింద పడుకుంటే నిద్రెలా పడుతుందని టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారట. ఆ మాట చెవిన పడ్డ రోజున కన్యక నేరుగా గున్నేశ్వరరావు గారింటికి వెళ్ళింది. ఆయన రోడ్డు పక్కన కొబ్బరికాయలకి పెద్ద గోడౌను కట్టించే ఆలోచనలో ఉన్నారు. ఆ పని తనకిమ్మని అడిగింది.

ఆయన నవ్వి, "ముందు మీ ఇంటికి స్లాబు పొయ్యమ్మా. సెంట్రింగు చెక్కలు విప్పేక నేనే వచ్చి పైనా కిందా చూస్తాను. బాగుంటే గోడౌను నీకే. లేకపోతే అమలాపురం కాంట్రాక్టరు ఎలాగూ తిరుగుతున్నాడు" అన్నారు.

అలా మేం పెరట్లో పాక వేసుకున్నాం, మా పెంకుటిల్లు దిగి, దాని చోట డాబా లేచింది. గోడలు లేచినన్నాళ్ళూ నాకేం అనిపించలేదు. స్లాబు రోజు దగ్గరపడేసరికి మాత్రం భయం పట్టుకుంది. ఆ స్లాబు బాగుంటే నా కోడలు ఈ చుట్టుపక్కల మేస్త్రీలందరి సరసన నిలబడుతుంది. బీటలిచ్చిందా, ఇక జన్మంతా మరుగుదొడ్ల గోడలే కట్టుకోవాలి.

వేసవి. పైగా కాలువ కట్టేసే రోజులు. చుట్టూ రొయ్యల చెరువులొచ్చాక మా బోరు నీళ్ళు ఉప్పు తిరిగాయి. వాటితో పప్పు కూడా ఉడకదు. అందుకని కన్యక ముందే పెరట్లో గొయ్యి తవ్వించి, టార్పాలిన్ పరిపించి, కాలువ ఆగిపోయేలోగా దాన్నిండా నీళ్ళు పట్టించింది.

స్లాబు రోజున తెల్లారేసరికే పని మొదలైంది. పడమటి గాలి లేవకముందే పోయడం అయిపోవాలని దాని పట్టుదల. ఆ గాలి తగిలితే బట్టలే కాదు, మనుషులే ఎండిపోతారు. మిక్సరు దగ్గరున్నతను కాంక్రీటు మాలు త్వరగా జారుతుందని ఇంకో బకెట్ నీళ్ళు పొయ్యబోయాడు. కన్యక పైనుంచి దిగొచ్చి ఆ బకెట్ లాక్కుని కొబ్బరి మొక్క మొదట్లో కుమ్మరించింది.

"నీళ్ళెక్కువైతే నీకు పని తేలికవుద్ది. రేపు ఆ నీళ్ళు ఆరిపోయేక అక్కడ బీట మిగులుద్ది. అప్పుడు నువ్వొస్తావా సమాధానం చెప్పడానికి?"

అతను మళ్ళీ బకెట్ జోలికి పోలేదు. పోసి చదును చేసిన మేరా తడి గోనెలు కప్పుకుంటూ వచ్చింది. వడ్ల బస్తాల గోనెలన్నీ నేనే నీళ్ళలో ముంచి పైకి అందించాను. పనివాళ్ళు నవ్వుకున్నారు, బాలింతరాలికి కప్పినట్టు కప్పుతోందని. నవ్వితే నవ్వనీ అనుకున్నాను. నా చేత్తో తడిపిన గోనెలు నా ఇంటి మీద కప్పడం నాకెంతో గొప్పగా అనిపించింది.

మర్నాడు గోనెలు తీసి, సిమెంటూ ఇసుకా కలిపి స్లాబు మీద చిన్న చిన్న గట్లు వేసింది. స్లాబంతా మడులయింది. ఒక్కో మడిలో నీళ్ళు నింపింది. అప్పుడు పైకొచ్చిన మా ఆయన మొహం చూడాలి. అచ్చం నారుమళ్ళు చూసినట్టు చూశారు.

"ఇది నా పనే కదే సుబ్బాయమ్మా!" అన్నారు నాతో.

కన్యకకీ అదే మేలనిపించింది. ఎందుకంటే కాకినాడలో వాళ్ళ నాన్నకి కంటి ఆపరేషను. రెండు రోజులు వెళ్ళక తప్పదు. బస్సెక్కే ముందు మామగారికి చెప్పింది.

"నీళ్ళు తగ్గితే గోతిలోంచి మోటారేసి నింపండి మామయ్యగారూ. అంతకుమించి ఏం చెయ్యక్కర్లేదు. ఏ మడీ ఆరిపోకుండా చూడండి చాలు."

"కాలువ చివర వ్యవసాయం చేసినోణ్ణి. నీళ్ళ గురించి నాకు చెప్తావేంటమ్మా?" అన్నారాయన.

కన్యక నవ్వి వెళ్ళిపోయింది. కసిరినా బాగుండేది. ఆ నవ్వుని ఆయన ఒప్పుకోలు కింద తీసుకున్నారు.

పొలం ఎరగనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. వరికి ఎప్పుడూ నీళ్ళు నిలబెట్టే ఉంచరు. పైరు కుదురుకున్నాక ఒకసారి నీళ్ళు తీసేసి, నేల సన్నగా నెర్రె విచ్చేదాకా ఆరనిచ్చి, మళ్ళీ పెడతారు. అలా చేస్తే వేరు లోతుకి దిగి పైరు గట్టిపడుతుంది, గాలికి పడిపోదు. నీళ్ళూ కలిసొస్తాయి. దాన్నే ఆరుతడి అంటారు. మా శివారు పొలాలకి ఆ పద్ధతి మప్పింది మా ఆయనే. మొదట్లో అందరూ తిట్టారు, తర్వాత పంట చూసి దండం పెట్టారు. ఆ దండాలు ఆయన ఇప్పటికీ మరిచిపోలేదు.

కన్యక వెళ్ళిన పూటే ఆయనకి ఆలోచన వచ్చింది. చేను గట్టిపడినప్పుడు స్లాబెందుకు గట్టిపడదు? పైగా గోతిలో నీళ్ళు చూస్తే తగ్గిపోతున్నాయి. అయితే రైతన్నవాడు ఏ కొత్త పనీ చేనంతా చెయ్యడు, ముందు ఒక మడిలో చేసి చూస్తాడు. ఆ బుద్ధి ఆయనకిచ్చినందుకు నేను దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. నైరుతి మూల మడికి గండి కొట్టి, నీళ్ళు గొట్టంలోంచి కొబ్బరి మొక్కలకి వదిలేశారు. మిగతా మడులు నిండుగా ఉంచారు.

ఆ మూల ఒక రోజంతా ఎండింది. పడమటి గాలి వీచింది. బూడిద రంగు కాస్తా తెల్లగా పాలిపోయింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం, కాలు పెడితే బొబ్బలెక్కేంత వేడి మీద, ఆయన మళ్ళీ చల్లటి నీళ్ళు పెట్టారు. స్లాబు చుయ్యిమని పీల్చుకుంది. నన్ను పిలిచి మరీ చూపించారు.

"చూడు, ఎంత దాహంగా తాగుతోందో! అమ్మాయి వచ్చేసరికి ఈ మూల ఉక్కులా ఉంటది."

నేనూ చూసి మురిసిపోయాను. మొగుడు చెప్పింది ఎప్పుడో ఒకసారి నిజం కాకపోతుందా అనుకున్నాను.

సాయంత్రం కన్యక దిగింది. వాళ్ళ నాన్నకి కన్ను బాగానే ఉందని చెప్పి, కాళ్ళు కడుక్కుని నేరుగా పైకెళ్ళింది. కాసేపటికి "అత్తయ్యా!" అని కేక వినపడింది. పిలుపులా లేదది. నేను చీర కుచ్చెళ్ళు పట్టుకుని మెట్లెక్కాను. నా వెనకే ఆయన.

అది ఆ మూల మడిలో గొంతుక్కూర్చుని ఉంది. నీళ్ళు చేత్తో తోడేసి, గోటితో స్లాబు మీద గీస్తోంది. కాదు, గీయడం లేదు, ఉన్న గీతని తడుముతోంది. మూరెడు పొడవు, వెంట్రుక మందం. దాని పక్కన ఇంకో రెండు పిల్ల గీతలు.

"ఇక్కడ నీళ్ళెవరు తీసేరు?"

"నేనేనమ్మా" అన్నారు మా ఆయన, ఇంకా గొప్పగానే. "ఆరుతడి పెట్టేను."

కన్యక లేచి నిలబడింది. దాని ముక్కుపుటాలు అదరడం నాకు కనిపించింది. నా కోడలు కదా, ఆ తర్వాత ఏమొస్తుందో నాకు తెలుసు.

"దీనికి వేళ్ళెక్కడున్నాయండి లోతుకి దిగడానికి? సిమెంటు ఎండి గట్టిపడదండి, తడిలో గట్టిపడుద్ది. తడున్నన్నాళ్ళూ దానికి బలం వస్తానే ఉంటది. మధ్యలో ఆరిందంటే పైపొర ముడుచుకుపోద్ది, అడుగుది ముడుచుకోదు. ఆ గుంజులాటలో చిట్లిపోద్ది. దానికి తోడు కాలిపోతున్నదాని మీద చల్లటి నీళ్ళు! నేను చెప్పి వెళ్ళేనా లేదా? ఆరనివ్వొద్దని చెప్పేనా లేదా?"

మా ఆయన మొహం ఎర్రబడింది. "నాకు నీళ్ళ సంగతి..." అని మొదలుపెట్టారు.

"మామయ్యగారూ, ఒక్క మాట చెప్పండి. చేను పొట్ట మీదున్నప్పుడు మీరు ఆరుతడి పెడతారా అండి?"

వెన్ను, అంటే కంకి, పైకి రాబోయే ముందు పైరు కడుపుతో ఉన్న మనిషిలా ఉంటుంది. దాన్నే పొట్ట మీదుందంటారు. ఆ మాటకి ఆయన ఎగిరిపడ్డారు.

"పొట్ట మీదా? బుర్రున్నోడెవడన్నా పెడతాడా? గింజంతా తాలు పోదూ!"

"పోసిన రోజు నుంచీ ఈ స్లాబు పొట్ట మీదే ఉందండి" అంది కన్యక.

నీళ్ళ విషయంలో ఆయన నోరు మూతపడడం నా కాపురంలో అదే మొదటిసారి. పిట్టగోడ కట్టాల్సిన చోట ఇటుకల మీద కూర్చుని, చాలాసేపు ఆ గీతల్నే చూశారు. అంతసేపూ నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది. కోపమే ఎక్కువ.

చివరికి, "లోతెంతుంటదమ్మా?" అన్నారు.

"పైపైనే ఉండాలండి. ఇల్లు కారదు, కూలదు. కానీ ఇహనుంచి తడి ఆరకూడదు. గోతిలో నీళ్ళు చూస్తే ఇంకో రెండు రోజులకి కూడా రావు."

బోరు నీళ్ళు పెడదామా అన్నాను నేను. ఉప్పు నీళ్ళు లోపలికి దిగితే ఇనుము తుప్పు పట్టి స్లాబుని లోపల్నుంచి తినేస్తుందంది కన్యక. వేసవిలో మా ఊళ్ళో తియ్యటి నీళ్ళు దొరికే చోటు ఒక్కటే. ఇసుక దిబ్బ మీదున్న కొబ్బరి తోటలో తక్కువ లోతున వేసిన బోరు, ఫిల్టరు పాయింటు. ఆ తోట గున్నేశ్వరరావు గారిది.

పొద్దున్నే మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు. ఎక్కడికని నేనడగలేదు, వెనకాలే వెళ్ళాను. ఇద్దరు మగాళ్ళు కొట్టుకుంటే విడదీయడానికి ఒక మనిషన్నా ఉండాలి కదా.

గున్నేశ్వరరావు గారు తోటలో కాయలు ఒలిపిస్తున్నారు. మమ్మల్ని చూసి, ఒలిచేవాళ్ళని ఆగమన్నారు. అందరూ వినాలని కాబోలు.

"మా స్లాబుకి నీళ్ళు చాల్లేదండి గున్నేశ్వర్రావు గారూ. మీ ఫిల్టరు పాయింటు నుంచి పైపేసుకుంటాను" అన్నారు మా ఆయన. అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది.

"బంగార్రాజు గారికి నీళ్ళు చాల్లేదా! నన్నడుగుతున్నారా!" అన్నారాయన. చుట్టూ చూసి మళ్ళీ, "వంతు మీదా, ఎప్పుడు పడితే అప్పుడా?" అన్నారు.

కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు కిసుక్కుమన్నారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ కదల్లేదు. ఊరందరికీ నీళ్ళు పంచిన మనిషి, కోడలి స్లాబు కోసం ఆ మాట పడ్డారు.

"వేసుకోండి. నీళ్ళకేం, దేవుడిచ్చినవి" అన్నారు గున్నేశ్వరరావు గారు చివరికి. "నా నీళ్ళు తాగిన స్లాబు ఎలా ఉందో మాత్రం వచ్చి దగ్గరుండి చూస్తాను."

నీళ్ళు ఎందుకు చాల్లేదో ఆయన అడగలేదు. మా ఆయన చెప్పలేదు.

ఆ రోజు నుంచి చూడాలి మా ఆయన్ని. కాఫీ కూడా తాగకుండా పైకెక్కేవారు. అరచెయ్యి నీళ్ళలో పెట్టి వేడెక్కిందేమో చూసేవారు. నీళ్ళు పలచబడ్డ చోట పైపు పెట్టేవారు. ఆ నైరుతి మూల మడిని అయితే కాపలా కాశారు. అంచులు ఎండకుండా గోనెలు తడిపి పక్కలకి కూడా వేలాడదీశారు. "ఇది చల్లపూట పెట్టాలా, ఎప్పుడన్నా పెట్టొచ్చా అమ్మా?" అని కన్యకని అడిగేవారు. అడగడం! ఎవరైనా పంచాయితీకి పిలిస్తే, "రాలేను, స్లాబు పొట్ట మీదుంది" అనేవారు. ఊళ్ళో నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. కానీ ఆయన ఎండలో అలా తిరుగుతుంటే కన్యక తన గొడుగు తీసుకెళ్ళి ఇవ్వడం చూశాను. అప్పుడు నవ్వు రాలేదు.

కన్యక పెట్టిన గడువు తీరాక నీళ్ళు వదిలేసి గట్లు తీసేశారు. స్లాబు ఆరింది. మడులన్నీ అద్దంలా ఉన్నాయి, ఆ మూల ఒక్కటి తప్ప. ఎండలో ఆ మూడు గీతలూ ఇంకా బాగా కనిపించాయి.

మా ఆయన మెల్లిగా కోడలి పక్కకి చేరారు. "గున్నేశ్వర్రావు వచ్చేలోగా సిమెంటు పాలు పూసేద్దామమ్మా. ఎవడికి తెలుసుద్ది?"

"పూయాల్సిందే మామయ్యగారూ, నీరు దిగకుండా. కానీ ఆయన చూసి వెళ్ళేక పూస్తాను. దాచి చూపించి తెచ్చుకున్న పని నాకొద్దండి."

ఆయన తలూపి కిందకి దిగిపోయారు. పాకలో పొయ్యి దగ్గర నేను కన్యకని పట్టుకున్నాను.

"ఆయన అడిగితే ఏం చెప్తావే?"

అది కూరలో ఉప్పు చూస్తున్నట్టు నటించింది. "నేను ఊరెళ్ళేను, అప్పుడు ఆరిందని చెప్తాను. నా స్లాబు, నా తప్పు."

"నీ తప్పెలా అవుద్ది? గోడౌను పోద్దే పిచ్చిదానా!"

"నీళ్ళ విషయంలో తప్పు చేసేరని మామయ్యగారు ఆ మనిషి ముందు ఒప్పుకోవాలా అత్తయ్యా? మొన్న తోటలో పడిన మాటలు చాలవా? మీరు చెప్పేరుగా నాకు. ఆయన తట్టుకోలేరు." గరిటె పక్కన పెట్టి, "మీరు ఆయనకి ఈ సంగతి చెప్తే నా మీదొట్టే" అంది.

గోడౌను పోతే ఇంకోటి వస్తుందిలే అని కూడా అంది. ఇంకోటి రాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు. ఒట్టు వేయించుకుంది కాబట్టి నోరు కట్టుకున్నాను. అంత కష్టమైన పని నేను ఇంకెప్పుడూ చేయలేదు.

సెంట్రింగు విప్పిన మర్నాడు గున్నేశ్వరరావు గారు వచ్చారు. ఒక్కరే రాలేదు. తమాషా చూడ్డానికి టీ కొట్టు బ్యాచీ అంతా వెనకాల వచ్చింది. ఆయన ముందు కింద నిలబడి స్లాబు అడుగుభాగమంతా టార్చి వేసి చూశారు. కర్రతో కొట్టి చూశారు. ఎక్కడా చెమ్మ లేదు, గుల్ల లేదు, ఇనుము బయటపడ్డ చోటు లేదు. రెండుసార్లు తలాడించారు. కన్యక చీర కొంగు నడుముకి బిగించి పక్కనే నడిచింది. నేను ఆ నడక చూసి లోలోపల ఉప్పొంగిపోయాను. పైకి వెళ్ళకుండా ఇక్కడే ఆగిపోతే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆయన పైకెక్కారు. అందరం ఎక్కాం. ఆయన ఈశాన్యం నుంచి మొదలుపెట్టి, వంగి చూసుకుంటూ నడిచారు. నైరుతి మూలకి వచ్చేసరికి ఆగిపోయారు. చెప్పు కొసతో చూపించారు.

"ఇదేంటమ్మా?"

టీ కొట్టు వాళ్ళు ముందుకి తోసుకొచ్చారు. ఎవరో "నేను చెప్పలా!" అన్నారు.

కన్యక గొంతు సవరించుకుంది. "అది బాబాయ్ గారూ, నేను ఊరెళ్ళినప్పుడండి, నా..."

"ఆగమ్మా" అన్నారు మా ఆయన.

అప్పటిదాకా ఆయన అందరికీ వెనకాల మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చి, ఆ మూల, ఆ గీతల పక్కనే నిలబడ్డారు.

"ఆ బీట నాదండి గున్నేశ్వర్రావు గారూ. స్లాబు మా కోడలిది. అది వెళ్తా వెళ్తా ఆరనివ్వొద్దని చెప్పింది. నీళ్ళ సంగతి నాకు తెలవదా అని ఈ మడికి ఆరుతడి పెట్టేను. పాడుచేసేను. మీ తోటకొచ్చి నీళ్ళు చాల్లేదన్నానే, అప్పుడు ఈ సంగతి చెప్పలేదు. సిగ్గేసింది. ఇప్పుడు చెప్తన్నాను." ఒకసారి ఊపిరి తీసుకుని, చెయ్యి చాపి మిగతా స్లాబంతా చూపించారు. "అదుగో, అదంతా దాని పని. అక్కడెక్కడన్నా ఒక్క గీత కనపడితే అప్పుడు దాన్నడగండి. ఇక్కడ నన్నడగండి."

నేను గున్నేశ్వరరావు గారి మొహమే చూస్తున్నాను. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన అవకాశం ఆయనకి దొరికింది. ఒక్క మాట అంటే చాలు, ఊరంతా నవ్వడానికి సిద్ధంగా ఉంది.

ఆయన పంచె ఎగ్గట్టి, ఆ మూల మడిలో కూర్చున్నారు. గీతల మీద అరచెయ్యి రాశారు. తర్వాత గట్టు తీసిన గుర్తు దాటి పక్క మడి మీద రాశారు. మళ్ళీ ఇటు, మళ్ళీ అటు.

"ఒకే మాలు, ఒకే రోజు పోసింది, ఒకే ఎండ" అన్నారు తనలో తాను అనుకుంటున్నట్టు. లేచి టీ కొట్టు వాళ్ళవైపు తిరిగారు. "ఈ పిల్ల చెప్పినట్టు చేసిన చోట బీట లేదు. చెప్పినట్టు చెయ్యని చోట ఉంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలిరా మీకు?"

నేను చెప్పలా అన్నవాడు వెనక్కి జరిగాడు.

"గోడౌను నీదేనమ్మా" అన్నారు గున్నేశ్వరరావు గారు. "కానీ ఒక షరతు. నీళ్ళు పెట్టడానికి మీ మామగారే రావాలి. తప్పు తనదని నలుగురిలో చెప్పినోడు ఆ తప్పు రెండోసారి చెయ్యడు. ఏవండీ బంగార్రాజు గారూ, వస్తారా?"

"ఆయ్, వస్తానండి" అన్నారు మా ఆయన. "మా అమ్మాయి ఎలా చెప్తే అలా పెడతాను."

కన్యక కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బకెట్లు విసిరే పిల్ల, నాతో సమానంగా అరిచే పిల్ల, అంతమంది మగాళ్ళ మధ్య భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. మా ఆయన ఏం చెయ్యాలో తెలియక దాని తల మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయారు. నాకు కళ్ళు కనపడలేదు. గర్వంతో గొంతుదాకా నిండిపోయాను. అక్కడున్న ప్రతివాడి మొహంలోకీ చూసి, చూడండి, ఆయన నా మొగుడు, అది నా కోడలు అని అరవాలనిపించింది.

అరిచాను కూడా.